మట్టికట్టకు కావలివారెవ్వరు?

వానకాలమునకు ముందు చేయవలసిన పనిని గూర్చి వానకాలము గడచిన పిమ్మట వాదించుకొనుట మన దేశమున నొక యాచారమైపోయినది. కట్ట తెగిన మఱునాడు పెద్దలు పడవలెక్కి వత్తురు; ఛాయాచిత్రములు తీయబడును; విచారణసంఘ మేర్పడును; కొన్ని నెలలకు నివేదిక బీరువా చేరును; మఱుసటి వేసవి నాటికి గండిచోట తుమ్మమొక్కలు మొలచును. మేము నేడు వ్రాయబూనినది తెగిన కట్టలను గూర్చి మాత్రమే కాదు. తెగక యింకను నిలిచియున్న వేలకొలది కట్టలను గూర్చి. తెగినదానికి ఏడ్చువారు పలువురు గలరు. నిలిచియున్నదానిని కనిపెట్టియుండువాడే కఱవైనాడు.

మొగల్తూరువంటి యూరినుండి ఈ ప్రసంగ మేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఇచట కొండ లేదు, లోయ లేదు, ఏటికి అడ్డముగ గట్టిన జలాశయము లేదు. పేరుపాలెము ఒడ్డున సముద్రఘోష వినబడుచుండ, చదునైన నేలమీద, గోదావరి పశ్చిమ డెల్టా కాలువల కొసయందు కాపురముండువారము మేము. కాని యొక క్షణ మాలోచింపుడు. మాకు నీరిచ్చునది మట్టిగట్టు. నీటినుండి మమ్ము కాచునదియు మట్టిగట్టే. విజ్జేశ్వరమువద్ద బయలుదేరిన కాలువనీరు మా పొలము చేరువఱకు రెండు మట్టిగట్ల నడుమనే నడచును. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు మేము త్రాగునది ముందుగ నింపుకొన్న మంచినీటిచెరువులోని నీరు; ఆ చెరువునకు నాలుగు వైపులను మట్టిగట్టే. ఆ గట్టు ఊటబట్టినచో, కాలువ మూయకముందు నింపుకొన్న నీరు తిరిగి కాలువ వచ్చుదాక నిలువదు. బావి త్రవ్వుదమన్న ఉప్పునీరు పడును. ఏటిగట్టు సంగతి చెప్పనక్కఱయే లేదు. 1986 ఆగస్టునందు ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చి, గట్లు పలుచోట్ల తెగి, లంకలును పల్లములును ఏకమైన దినములను మఱచినవారు ఈ డెల్టాలో నెవ్వరును లేరు.

మఱియు, మెట్టలోని కట్టకును పల్లములోని పొలమునకును సంబంధము లేదనుకొనుట భ్రమ. జంగారెడ్డిగూడెము ప్రాంతమున కొంగువారిగూడెమువద్ద ఎఱ్ఱకాలువకు అడ్డముగ జలాశయము గలదు. అచట విడిచిన నీరు నందమూరువద్ద ఏలూరు కాలువ క్రిందుగ దాటి, యనమదుర్రు మురుగుకాలువయై, భీమవరము మీదుగ సముద్రమువైపు దిగును. 2024 జులైయందు ఎఱ్ఱకాలువ పొంగినపుడు నిడదవోలు, తాడేపల్లిగూడెము ప్రాంతముల వరినాట్లు నీటిపాలయ్యెను. పైన గేటుచక్రము త్రిప్పువాని చేతిలో క్రింద సార్వా పంట యున్నది. కనుక మెట్టకట్టను గూర్చి మాటాడుటకు పల్లపువానికి అధికారము గలదు. అధికారము మాత్రమే కాదు, అవసరమును గలదు.

ఆ 2024 జులైలోనే పెద్దవాగు కట్ట తెగినది. ఈ పెద్దవాగు పథకము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లివద్ద నున్నది. కట్టయు గేట్లును తెలంగాణమున గలవు. ఆయకట్టులో హెచ్చుభాగము ఆంధ్రప్రదేశమున వేలేరుపాడు, కుక్కునూరు మండలములలో గలదు. ఆ రెండు మండలములును 2014లో ఖమ్మము జిల్లానుండి పశ్చిమ గోదావరి జిల్లాలో చేరినవి. 2022నుండి ఏలూరు జిల్లాలో నున్నవి. జులై 18వ తేదీని కుండపోతగ వాన కురిసెను. వాగులో చిక్కినవారిని హెలికాప్టరుతో పైకి దీయవలసివచ్చెను. జలాశయమునకున్నవి మూడే గేట్లు. సకాలమున వాని నెత్తలేదని గ్రామస్థులు మొరవెట్టిరి. రాత్రి కట్టకు గండి పడెను. తెల్లవారునప్పటికి జలాశయము ఖాళీ యయ్యెను. నీరు రాష్ట్రపు పొలిమేరవద్ద ఆగి అనుమతి యడుగలేదు. క్రిందనున్న ఊళ్ళ ఇండ్లును, పశువులును, అప్పుడే నాటిన నాట్లును కొట్టుకొనిపోయెను. పొలములలో ఇసుక మేటవేసెను. మెట్టరైతునకు ఇసుకమేట యనగా ఒక్క పంట పోవుటకాదు, భూమియే పోవుట.

ఈ కట్ట పాతబడుచున్న సంగతి ఎవరికిని తెలియనిది కాదు. పథకము అంతర్రాష్ట్రమైనది గనుక మరమ్మతు వ్యయమును ఎవరెంత భరింపవలెనను ప్రసంగము గోదావరి నదీ యాజమాన్యమండలి సమావేశములకెక్కినది. కట్ట ఒకరిది, పంట ఒకరిది. కట్టగలవానికి ఆయకట్టు కొంచెము గనుక ఆసక్తి కొంచెము. ఆయకట్టు గలవానికి కట్టమీద చేయి లేదు గనుక బాధ్యత లేదు. ఇరువురును ఉత్తరములు వ్రాసికొనుచుండగా వాగు తన తీర్పు తాను చెప్పెను.

ఇది క్రొత్త విషయమా? కాదు. కడపసీమలో పోరుమామిళ్ళ చెరువుగట్టున నొక శిలాశాసనము గలదు. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369వ సంవత్సరమున ఆ చెరువు కట్టించి దానికి అనంతరాజసాగరమని పేరిడెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్ళు దోలుటకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు ఆ కట్ట పూర్తియైనదని శాసనమే చెప్పుచున్నది. అంతటితో ఆగక, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండగూడని ఆఱు దోషములను అందు చెక్కించినారు. ఆ దోషములలో నొకటి కట్టనుండి నీరు ఊరుట. మఱియొకటి, చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట! ఆఱువందల యేబది యేండ్లక్రిందట ఱాతిమీద వ్రాసిన యీ వాక్యమును చదివినవారికి గుమ్మడవల్లి కట్ట తెగుట వింతగ తోచునా? ఆ కాలపు శిల్పికి కాంక్రీటు తెలియదు, విద్యుత్తు తెలియదు. కాని మనుష్యస్వభావము తెలియును. ఇద్దఱు యజమానులుగల కట్టకు యజమానియే లేడని ఆతడెఱుగును.

ఒకే రాష్ట్రములో, ఒకే ప్రభుత్వము క్రిందనున్న కట్టలు క్షేమముగ నున్నవా యన్న, అదియు లేదు. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున కడపసీమలో రాజంపేటకు చేరువనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట చెయ్యేటి వరదకు కొట్టుకొనిపోయెను. అంతకుముందే పైనున్న పింఛా జలాశయపు కట్ట తెగి ఆ నీరును వచ్చి కలిసెను. కార్తిక పౌర్ణమి దినములు. దీపములు పెట్టుటకు శివాలయమునకు బోయినవారు వరదలో చిక్కిరి. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు నేలమట్టమయ్యెను. ముప్పదిమందికి పైగా మరణించుటయో గల్లంతగుటయో జరిగెను. అయిదు గేట్లలో నొకటి తెఱచుకొనలేదని కేంద్రమంత్రి రాజ్యసభయందు చెప్పిరి. కట్టకు తగిన ప్రమాణమును మించిన వరద వచ్చినదని రాష్ట్రప్రభుత్వమువారు బదులు చెప్పిరి. ఈ రెండు మాటలును నిజము కావచ్చును. కాని వరద మితిమీఱి వచ్చునాడే గదా అయిదవ గేటు అక్కఱకు వచ్చునది! ఎండకాలమున పనిచేసి వరదనాడు మొరాయించు గేటు, గోడమీద వ్రాసిన గేటుతో సమానము.

మట్టికట్ట స్వభావమును కొంచెము తెలిసికొన్నచో మన యుపేక్ష ఎంత ప్రమాదకరమైనదో బోధపడును. ఱాతికట్ట మీదుగ నీరు పొర్లినను కొంతసేపు తాళగలదు, మట్టికట్ట తాళజాలదు. కట్టమీద పొర్లిన నీరు వెలుపలి వాలున దిగుచు మొదట గడ్డిని, పిమ్మట మట్టిని కోసికొనిపోవును. కోసినకొలది గండి వెడల్పగును, గండి వెడల్పైనకొలది నీరు హెచ్చును. కొన్ని గంటలలో కట్ట లేదు. 1979 ఆగస్టు 11వ తేదీని గుజరాతమున మోర్వీ పట్టణమును ముంచిన మచ్ఛు రెండవ జలాశయము ఇట్లే తెగినది. ప్రక్కలనున్న మట్టికట్టల మీదుగ నీరు పొర్లినది. అందుచేతనే మట్టికట్ట శిఖరమునకును నిండునీటి మట్టమునకును నడుమ కొన్ని అడుగులు వదలుట. అందుచేతనే అలుగు కట్టుట. అలుగనగా చెరువునకు ఊపిరితిత్తి. మన రైతులలో కొందఱు, ఇంకొక అడుగు నీరు నిలిచిన ఇంకొక పది యెకరములు పండునని అలుగుమీద ఇసుకబస్తాలు వేయుదురు. చేపలు పోకుండ మఱికొందఱు వలలును దడులును కట్టుదురు. పదియెకరముల ఆశకు వేయి యెకరములను ఒడ్డుట యిది.

రెండవ మరణమార్గము కంటికి కనబడనిది. ప్రతి మట్టికట్టయు కొంచెముగ ఊరును. అది దోషము కాదు. ఊట తేటగ నుండి, దినదినము ఒకే పాటిగ నున్నంతవఱకు భయము లేదు. ఊటలో మన్ను కలిసి బురదయై వచ్చినదా, కట్ట కడుపులో నీరు త్రోవ చేసికొనుచున్నదని యర్థము. ఎలుక బొరియయో, ఎండి కుళ్ళిన తుమ్మవేరు విడిచిన సందో, తూము ప్రక్కన మట్టి సరిగ దిమ్మిస చేయని చోటో ఆ త్రోవకు మొదలు. 1976 జూన్ 5వ తేదీని అమెరికా దేశమున టీటన్ అను గొప్ప మట్టికట్టయందు ప్రొద్దున బురదయూట కనబడెను. మధ్యాహ్నము పండ్రెండు కొట్టకముందే కట్ట కూలిపోయెను. అది క్రొత్తగ గట్టి, మొదటిసారి నింపుచున్న కట్ట. యంత్రములకును, ఇంజనీర్లకును కొదువలేని దేశమందలి కట్ట. బురదయూటకును గండికిని నడుమనున్న వ్యవధి యంతే. ఆ వ్యవధిలో కట్టమీద కన్నుగలవాడొకడు ఉన్నాడా లేడా యనునదే ప్రశ్న. టీటనులో ఉండిరి గనుక క్రిందివారిలో చాలమంది బ్రతికిరి.

కాబట్టి కట్ట పోషణమనగా బ్రహ్మవిద్య కాదు. వేసవిలో కట్టమీది ముళ్ళతుప్పలను నఱికి, గడ్డిని కోయవలయును. గడ్డి మట్టిని పట్టును, చెట్టు దానిని చీల్చును. చిన్న మొక్కను వేరుతో పెకలింపవలయును; పెద్ద చెట్టును తొలగించినచో వేళ్ళను దీసి ఆ గుంటను పొరలుపొరలుగ మట్టితో నింపి దిమ్మిస కొట్టవలయును. బొరియలను త్రవ్వి మూయవలయును. పైన పిడికెడు మట్టి వేయుట మూయుట కాదు. బండ్లును పశువులును త్రొక్కి శిఖరము పల్లమైనచోట తిరిగి ఎత్తు చేయవలయును. వరద మొదట పొర్లునది ఆ పల్లముననే. లోపలివాలున అలలకు జాఱిన ఱాళ్ళను మరల పేర్చవలయును. కట్టపాదమున మురుగుకాలువ పూడకుండ చూచి, అందు వచ్చు ఊటనీటిని వారమున కొకసారి కొలిచి వ్రాయవలయును. గేట్లకు చమురుపెట్టి, వరద రాకముందే పూర్తిగ నెత్తి దించి చూడవలయును. విద్యుత్తు లేనినాడు చేతితో త్రిప్పుటకు చక్రమున్నదా, త్రిప్పువా రున్నారా యని విచారింపవలయును. చెరువు నింపునపుడు మెల్లగ నింపుట, తీయునపుడు మెల్లగ తీయుట మంచిది. నానిన లోపలివాలు, నీరు ఒక్కుమ్మడి దిగినచో జాఱిపోవును. ఇందులో ఏ పనికి విదేశపు అప్పు కావలయును? ఏ పనికి ప్రపంచబ్యాంకు దయ కావలయును? పాఱ, కొడవలి, చమురుడబ్బా, ఒక పుస్తకము, ఒక మనుష్యుడు చాలును.

ఆ మనుష్యుడే కనబడుట లేదు. డెల్టాలో నాతనిని లస్కరందురు. మెట్టలో నీరుగంటి, నీరటికాడు అందురు. పూర్వము కాలువగట్టున లస్కరు నడచుచున్నాడన్న రైతునకు ధైర్యము, దొంగతూము వేయువానికి భయము. గట్టున ఏ మలుపున ఊట గలదో, ఏ తూము తలుపు బిగిసిపోవునో, ఏ రాత్రి గాలివాన గట్టు కోయునో ఆతనికి తెలియును. ఏ నివేదికలోను లేని జ్ఞానము అది. అట్టివాడు ఉద్యోగము విరమించినపుడు ఆ స్థానమున మఱియొకని వేయక, ఖాళీని ఖాళీగనే యుంచి, జీతము మిగిలినదని సంతసించు పద్ధతి దశాబ్దములుగ సాగినది. ఒక లస్కరుజీతమును మిగిల్చి ఒక కట్టను పోగొట్టుకొను గృహస్థును లోకము తెలివిగలవాడనదు. ప్రభుత్వమును మాత్రము పొదుపరి యనుచున్నది.

మనకు చేతగానితనము లేదు. అదియే మా దుఃఖము. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయమున 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినపుడు, ఉధృతముగ పాఱుచున్న నీటియందే వారము దినములలో ఇంజనీర్లును కార్మికులును ఉక్కుపలకలు దించి ప్రవాహమును నిలిపిరి. దేశమంతయు వారిని కొనియాడెను, మేమును కొనియాడుచున్నాము. కాని ఆపద వచ్చినపుడు అంతటి సాహసము చూపగల జాతి, ఆపద రాకముందు గొలుసు అరిగినదా యని చూచు సామాన్యకార్యమున ఏల వెనుకబడవలయును? సాహసమునకు పూలమాల గలదు, కావలికి లేదు. ప్రారంభోత్సవమునకు శిలాఫలకము గలదు. గేటునకు చమురుపెట్టినవాని పేరు ఏ ఫలకముమీదను చూడము. క్రొత్తదానికి ధనము దొరకును, పాతదానికి దొరకదు. మన ప్రజాప్రతినిధులనే నిందించి లాభము లేదు. క్రొత్త పథకము తెచ్చితినన్నవానికి చప్పట్లు కొట్టి, పాతకట్ట బాగుచేయించితినన్నవానిమాట వినకుండ లేచిపోవునది మనమే గదా!

చట్టము లేదా యందురేమో, కలదు. అన్నమయ్య కట్ట తెగిన నెలనాళ్ళలోపుననే, 2021 డిసెంబరునందు, పార్లమెంటు ఆనకట్టల భద్రతాచట్టమును చేసెను. వానకాలమునకు ముందొకసారి, పిమ్మటనొకసారి కట్టను పరీక్షింపవలెననియు, ఆపత్కాలప్రణాళిక సిద్ధముచేయవలెననియు అది విధించినది. మేలైన చట్టమే. కాని అది పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మొదలు పదునైదు మీటర్లలోపు కొన్నింటికిని మాత్రమే వర్తించును. పది మీటర్లకు లోబడిన ఊరిచెరువు కట్ట దాని కంటికి కనబడదు. ఊళ్ళవెంబడి, వాగులవెంబడి నున్న మన చెరువులలో నధికభాగ మట్టివే. పది మీటర్లనగా ముప్పదిమూడడుగులు. అంతయెత్తున నిలిచిన నీరు రాత్రివేళ నిద్రించు పల్లెమీద పడినచో, చట్టపు నిర్వచనము చదివి వెనుకకు మఱలునా?

మఱియొక చట్టము 1997లో వచ్చినది. నీటిపారుదల వ్యవస్థల యాజమాన్యమును రైతుల కప్పగించుటకు నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచినది. ఆశయము గొప్పది. మొదట ఉత్సాహముతో ఎన్నికలు జరిగెను. తరువాత చాలకాలము సంఘములు పేరునకే మిగిలెను. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరునందు మరల ఎన్నికలు జరిగినవి. ఇపుడీ సంఘముల యధ్యక్షులను మేమొక్క ప్రశ్న అడుగుచున్నాము: ఎన్నికైన పిమ్మట మీరు మీ గట్టుమీద తలనుండి కొసదాక ఎన్నిమార్లు నడచితిరి? కంట్రాక్టు పంపకమున చూపు శ్రద్ధలో పదవవంతు ఆ నడకయందు చూపినచో రైతు మీకు ఋణపడియుండును.

ఇచట పూర్వకాలమును తలచికొని నిట్టూర్చువారు కొందఱు గలరు. అప్పుడు కుడిమరామత్తు ఉండెడిది, ఊరివారే వేసవిలో కట్టమీద మట్టిపోసెడివారు, నేడు స్వార్థము పెరిగినది అందురు. ఈ మాటలో సగము నిజము, సగము మఱపు. రాయలసీమలో చెరువును కనిపెట్టుకొనువానికి దశబంధమను మాన్యమిచ్చుట నిజమే. అది మెచ్చదగిన పద్ధతి, ఏలయన పనికి ప్రతిఫలము నిచ్చినది. కాని కట్టమీద మట్టి మోసినవారెవరు? భూమిగల ఆసామియా? కాదు. ఆయకట్టులో సెంటుభూమి లేని కూలివాడు, ఊరి వెలుపల కాపురమున్నవాడు. ఆ పని సాగుటకు 1858లో మద్రాసుప్రభుత్వము నిర్బంధపు కూలికి చట్టమే చేయవలసివచ్చెను. స్వేచ్ఛగ జరుగు ధర్మమునకు చట్టపు కొరడా యక్కఱలేదు. అట్టి వెట్టిని మేము తిరిగి కోరము. గట్టుపని చేసినవానికి నిండుకూలి యిచ్చితీరవలయును; ఆ కూలి ఆయకట్టువలన లాభపడువారినుండియు, ప్రభుత్వమునుండియు రావలయును. స్వతంత్రదేశమున కట్ట నిలువవలసినది జీతముతోడి బాధ్యతమీద గాని బెదరింపుమీద గాదు.

ధనము లేదను మాటకు దూరదేశపు ఉదాహరణ మొకటి చాలును. 2023 సెప్టెంబరు 11వ తేదీ తెల్లవారకముందు ఉత్తరాఫ్రికాలోని లిబియా దేశమున దెర్నా పట్టణమునకు ఎగువనున్న రెండు కట్టలు తుపానువరదకు ఒకదానివెంట నొకటి కూలెను. పట్టణములోని యొక భాగమే సముద్రములోనికి తుడుచుకొనిపోయి వేలకొలది జనులు మరణించిరి. ఆ కట్టలు 1970 దశకమున కట్టినవి. మరమ్మతునకు ధనము కేటాయింపబడినది, కాగితముమీద పని నడచినది, కట్టమీద నడువలేదు. ధనము లేక కూలినది కాదు, ధనమును పనిగ మార్చు నాథుడు లేక కూలినది. మన లెక్కలలోను మరమ్మతుపద్దు లేకపోలేదు. అది ఏ నెలలో విడుదలయగును? ఏ చేతులమీదుగ పోవును? వేసవి ముగిసి తొలకరి చినుకు పడినపిమ్మట మంజూరైన మరమ్మతు మరమ్మతు కాదు. బురదమీద వేసిన బురద.

ఇంతవఱకు పరుల తప్పు లెన్నితిమి. ఇక మన గడపలోనికి తొంగిచూతము. డెల్టావాసులమైన మనము గట్లపట్ల నిర్దోషులమా? కాలువగట్టును కొట్టి ఇల్లు కట్టినవారెవరు? చేపలచెరువునకును రొయ్యలచెరువునకును నీరు మలుపుకొనుటకు రాత్రివేళ గట్టు త్రవ్వి గొట్టము వేసినవారెవరు? ఆ గొట్టముప్రక్కన వదులుగ నుండిన మట్టియే రేపటి గండి. చెరువుకట్టను ఇటుకల బట్టీకి మట్టిగనిగ వాడుకొన్నవారెవరు? మురుగుకాలువలో గుఱ్ఱపుడెక్క పేరుకొని, నీరు కదలక, వానకు పొలము మునిగినపుడు ప్రభుత్వమును తిట్టుదుము. మన వాకిటి చెత్త అదే కాలువలో వేయుదుము. దాళ్వాలో వంతులవారీగ నీరిచ్చు దినములలో ఎగువవాడు వంతుమీఱి వాడుకొన్న కొసయందున్న మొగల్తూరు, నరసాపురము రైతుల చేను ఎండును. కొసరైతు కష్టము నెఱిగిన మనము, మనకంటె కొసనున్నవానిని తలచుచున్నామా? కట్టను కాపాడు ధర్మము ఎగువనుండి దిగువకు పాఱునట్టిది. మధ్య నెవ్వడు గండి కొట్టినను క్రిందివానికి అందదు.

కావున మేము కోరున దిది. జిల్లాలో, పది మీటర్లకు లోబడినవానితో సహా, ప్రతి మట్టికట్టకును ఒక పుస్తకముండవలయును. అందు దాని యెత్తు, అలుగు వెడల్పు, గేట్లస్థితి, ఊట కొలత వ్రాయబడవలయును. ఆ పుస్తకమును చూడగోరిన ఏ రైతునకును చూపవలయును. ఏప్రిలు మే నెలలలో నొకసారియు, వానలు వెలిసిన పిమ్మట నొకసారియు ఇంజనీరును, సంఘాధ్యక్షుడును, క్రిందియూరి పెద్దలిద్దఱును కలిసి కట్టమీద నడచి, చూచినది పంచాయతీగోడమీద అంటింపవలయును. గేట్లను ఎత్తిదించు పరీక్ష ప్రజలయెదుట జరుగవలయును. చూచువారున్నచోట చమురు మరువబడదు. ప్రతి కట్టకును జీతముగల కావలివాడుండవలయును. వానికి వర్షమానపాత్రయు, దీపమును, క్రిందియూళ్ళ ఫోనుసంఖ్యలును ఇయ్యవలయును. అనుమానము కలిగినపుడు పైయధికారి యుత్తరువునకై వేచియుండక ఊరిని లేపు నధికారమును ఇయ్యవలయును. తప్పుగ లేపినందుకు ఎవ్వడును శిక్షింపబడగూడదు. ఒక రాత్రి నిద్ర పోయిన మఱునాడు నిద్రింపవచ్చును. మరమ్మతుధనము మార్చి ముగియకమునుపే చేరవలయును. రెండు రాష్ట్రముల పొలిమేరనున్న కట్టలకు ఒక్కడే అధికారి, ఒక్కటే తాళపుచెవి యుండవలయును. వ్యయపు వాటాల వాదము ఆ గేటు తెఱచిన పిమ్మట తీఱికగ చేసికొనవచ్చును.

ఇవి అసాధ్యములైన కోరికలా? గోదావరిమీద ధవళేశ్వరమువద్ద 1852లో పూర్తియైన కాటను దొర ఆనకట్ట, 1982లో దాని స్థానమున బ్యారేజి సిద్ధమగువఱకు నూటముప్పది యేండ్లు ఈ డెల్టాకు అన్నము పెట్టినది. అది ఒకసారి కట్టి వదలివేసినందున నిలువలేదు. వరద తీసిన పిమ్మట చెదరిన ఱాళ్ళను మరల పేర్చుచు వచ్చినందున నిలిచినది. ఏటేట కాలువలు కట్టివేయుటలోని యుద్దేశమును అదియే. పరప్రభుత్వము తన పన్నుకొఱకు ఆ పని చేయించెను. స్వప్రభుత్వము మన ప్రాణములకొఱకు చేయింపలేదా?

మట్టి మూగది; తనకు వచ్చిన రోగమును బురదయూటగ మాత్రమే చెప్పగలదు. ఆ మాట వినుటకు కట్టమీద చెవి యుండవలయును. పఠనమందిరమున ఈ పత్రిక చేతబట్టిన సోదరులకు మా మనవి యొక్కటే. వచ్చు వానకాలమునకు ముందు, ఒక సాయంకాలము మీయూరి చెరువుగట్టు, కాలువగట్టు, ఏటిగట్టు నడచి చూడుడు. కనబడిన బొరియను, ఊటను, బిగిసిన తలుపును కాగితముమీద వ్రాసి, పదిమంది చేవ్రాళ్ళతో అధికారికి పంపుడు. బదులు రానిచో మరల పంపుడు. గండిపడిన పిమ్మట వ్రాయు వేయి యర్జీలకంటె గండికి ముందు వ్రాసిన యొక్క యర్జీ విలువగలది. ఆ యొక్కటి వ్రాయువాడే కట్టకు కావలివాడు.